నాలుగింటికి నాలుగున్నర: అమెరికా హైస్కూళ్లలో గ్రేడుల బరువు, కళాశాల క్రెడిట్లు



"మా మనుమరాలు ఏ.పి.లో ఐదు తెచ్చుకొన్నదట" అని మా గ్రామమున నొక వృద్ధమిత్రుడు రచ్చబండమీద సంతోషముతో చెప్పెను. విన్నవారిలో నొకరు, "పిల్ల అమెరికాలో గదా చదువుచున్నది! ఆంధ్రప్రదేశ్‌కు ఎప్పుడు వచ్చి పరీక్ష వ్రాసినది?" అని యడిగిరి. అందఱము నవ్వుకొంటిమి. కాని ఆ ఏ.పి. యనగా నేమో, ఆ ఐదు ఎన్నింటికి ఐదో, దానివలన కలుగు లాభమేమో అచట నున్నవారిలో నొక్కరును చెప్పలేకపోయిరి. మనుమలు సముద్రము లావల చదువుచుండ, వారి చదువునుగూర్చి ఫోనులో వినబడు మాటలు మనకు తెలియకుండుట నేడు మన గ్రామములందు తఱచుగా జరుగుచున్నది. కావున ఆ విషయమును నేడు మీకు విన్నవింపదలచితిని.

నేను ముప్పదియేండ్లకు పైగా హైస్కూలులో తెలుగు పండితుడుగా పనిచేసినవాడను. వేలకొలది జవాబుపత్రములు దిద్దితిని గాని, నూటికి నూఱుకంటె ఎక్కువ వేసిన జ్ఞాపకము నాకు లేదు. కొన్నియేండ్ల క్రిందట టెక్సాస్ రాష్ట్రమున డాలస్ నగరమునకు సమీపమున నున్న మా కుమారుని యింట ఆఱు మాసము లుంటిని. మా మనుమరాలు అప్పుడు పదునొకండవ తరగతి చదువుచుండెను. ఒకనాటి సాయంకాలము ఆమె తన గ్రేడుల పత్రమును నాకు చూపెను. అందు నాలుగు గరిష్ఠముగా గల లెక్కలో ఆమెకు నాలుగున్నర వచ్చినట్లుండెను. "తల్లీ! నాలుగింటికి నాలుగు వచ్చుట ఎఱుగుదును. నాలుగున్నర యెట్లు వచ్చును? మీ పంతులుగారికి కూడిక తప్పినదేమో!" అంటిని. ఆమె నవ్వి, "కూడిక తప్పలేదు తాతయ్యా! ఇది బరువు కట్టిన లెక్క" అనెను. ఆ బరువు సంగతియే మొదట చెప్పెదను.

అమెరికాలో హైస్కూలు చదువు నాలుగేండ్లు. తొమ్మిదవ తరగతితో మొదలై పండ్రెండవ తరగతితో ముగియును. మన పదవ తరగతి పరీక్షవలె నొక్క పబ్లిక్ పరీక్షతో అచట విద్యార్థి యోగ్యత తేలిపోదు. ఏ విషయమున కా విషయమున ఉపాధ్యాయుడు ఏడాది పొడవున ఇచ్చు అభ్యాసములు, చిన్న పరీక్షలు, పెద్ద పరీక్షలు అన్నియు కలిపి 'ఏ', 'బి', 'సి', 'డి' అని గ్రేడు వేయును. తప్పినవానికి 'ఎఫ్'. లెక్కకొఱకు ఏ కు 4, బి కి 3, సి కి 2, డి కి 1, ఎఫ్ కు సున్న అని విలువ కట్టి, అన్ని విషయముల విలువలను కూడి, విషయముల సంఖ్యచేత భాగింతురు. వచ్చిన సగటును జి.పి.ఏ. అందురు. కళాశాలలవారు విద్యార్థిని చేర్చుకొనునపుడు ముఖ్యముగా చూచు వానిలో నిది యొకటి.

ఇచట నొక చిక్కు వచ్చినది. ఒక బాలుడు సులభమైన పాఠములు ఎంచుకొని అన్నిట ఏ తెచ్చుకొనును. మఱియొక బాలిక కళాశాలస్థాయి గణితము, భౌతికశాస్త్రము చదివి, వానిలో బి తెచ్చుకొనును. ఉత్త సగటు తీసినచో బాలుడే గొప్పవాడగును. పిల్లలు ఈ కిటుకు కనిపెట్టినచో కష్టమైన చదువుజోలికి పోవువా రుండరు. అందుచేత అనేక పాఠశాలలు కష్టమైన పాఠమునకు అదనపు బరువు కట్టసాగినవి. మన ఛందస్సులో లఘువున కొక మాత్ర, గురువునకు రెండు మాత్రలు గదా! అక్షర మొక్కటియే యైనను దాని బరువునుబట్టి లెక్క మాఱును. అట్లే సామాన్యపాఠములో ఏ కు 4 ఐనచో, కళాశాలస్థాయి పాఠములో ఏ కు 5 వేయుదురు. ఆ రెంటికి నడుమనుండు 'ఆనర్స్' పాఠములకు కొన్నిచోట్ల నాలుగున్నర వేయుదురు. ఎంసెట్ ర్యాంకులలో ఇంటర్మీడియట్ మార్కులకు వెయిటేజి యిచ్చు పద్ధతి మన ప్రాంతమున చిరకాలము నడచినది. గావున వెయిటేజి యను మాట మనకు క్రొత్త కాదు.

మా మనుమరాలి లెక్కయే చూడుడు. ఆమెకు 6 విషయములు. అన్నిట ఏ వచ్చినది. మూడు కళాశాలస్థాయివి, 5 చొప్పున 15. మూడు సామాన్యమైనవి, 4 చొప్పున 12. మొత్తము 27. ఆఱు చేత భాగించిన నాలుగున్నర. బరువు లేని లెక్కలో నిదియే 24 అయి, సరిగా 4 వచ్చును. బరువుగల పాఠములో బి వచ్చినచో 4 పడును. అనగా సామాన్యపాఠములోని ఏ తో సమాన మగును.

ఈ బరువులకు దేశమంతట నొకే తూనిక లేదు. ఒక ఊరి పాఠశాలలో 5 వేయునది ప్రక్క ఊరిలో వేఱుగా నుండవచ్చును. కొన్ని పాఠశాలలు అసలు బరువే కట్టవు. అందుచేత అనేక కళాశాలలు పాఠశాల పంపిన సగటును ప్రక్కనబెట్టి, తమ పద్ధతిలో తిరిగి లెక్క కట్టుకొనును. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము పదవ, పదునొకండవ తరగతుల పాఠములలో తాను అంగీకరించినవానికి, సి గాని అంతకు మించి గాని వచ్చినపుడే ఒక్కొక్క అంకె అధికముగా నిచ్చును. అదియును 8 సెమిస్టర్లకు మించి యీయదు. కావున ఇద్దఱు మనుమల జి.పి.ఏ.లను ఒక్క త్రాసులో పెట్టి, "మావాడికి 4.6, మీవాడికి 4.2" అని మనము పోల్చుట, ఒక ఊరి కుంచముతో కొలిచిన గింజలను మఱియొక ఊరి కుంచముతో కొలిచినవానితో పోల్చుట వంటిది.

ఇక రెండవ విషయము క్రెడిట్. బరువు హైస్కూలువారి లెక్కలోనిది. క్రెడిట్ కళాశాలవా రిచ్చునది. ఈ రెంటిని ఒక్కటిగా భావించుటవలననే అనేక కుటుంబములు పొరపాటు పడుచున్నవి. గావున దీనిని కొంచెము శ్రద్ధగా వినవలెనని కోరుచున్నాను.

అమెరికాలో సామాన్యముగా నాలుగేండ్ల బి.ఏ., బి.ఎస్. పట్టములకు సుమారు 120 క్రెడిట్లు సంపాదింపవలెను. ఒక పాఠ్యవిషయమునకు తఱచుగా 3 క్రెడిట్లు. సెమిస్టరునకు 15 చొప్పున 8 సెమిస్టర్లలో 120 పూర్తి యగును. హైస్కూలులో నుండగనే వీనిలో కొన్నింటిని సంపాదించుకొనుటకు మూడు మార్గములు కలవు.

మొదటిది ఏ.పి., అనగా అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. 1950 తరువాతి తొలి సంవత్సరములలో అచటి విద్యావేత్తలు ఒక వృథాప్రయాసను గుర్తించిరి. మంచి పాఠశాలలో చదివిన తెలివిగల పిల్లలు హైస్కూలు చివఱ నేర్చినదానినే కళాశాల మొదటి యేట తిరిగి నేర్చుకొనుచుండిరి. దీనిని తప్పించుటకు ఫోర్డు ఫౌండేషను ద్రవ్యసాహాయ్యముతో ప్రయత్నములు జరిగినవి. 1955 లో ఆ పనిని కాలేజీ బోర్డు అను సంస్థ చేపట్టెను. ఆ సంస్థ 1900 లో ఏర్పడినది. నేడు సుమారు 40 విషయములందు ఈ పాఠములున్నవి. లాటిను, ఫ్రెంచి, స్పానిషు, జర్మను, ఇటాలియను, చీనా, జపాను భాషలు అందు గలవు. మన తెలుగు లేదు.

ఏ.పి. పాఠము ఏడాది పొడవున హైస్కూలులో సాగును. దానికి ఉపాధ్యాయుడు ఏ, బి అని వేయు గ్రేడు పాఠశాల లెక్కలో చేరును. బరువు కట్టబడునది దానికే. మే మాసమున కాలేజీ బోర్డు వేఱుగా నొక పరీక్ష పెట్టును. దానికి రుసుము సుమారు నూఱు డాలర్లు. బీదపిల్లలకు తగ్గింపు కలదు. మన స్పాట్ వాల్యుయేషనువలె, జూను మాసమున వేలకొలది ఉపాధ్యాయులు కూడి వ్యాసరూపమైన జవాబులను దిద్దుదురు. ఫలితము 1 మొదలు 5 వఱకు అంకెగా జూలైలో వచ్చును. మా మిత్రుని మనుమరాలికి వచ్చిన ఐదు ఇదియే. అది ఐదింటికి ఐదు. అంతకు మించినది లేదు. క్రెడిట్ కావలెనన్న కళాశాలకు చూపవలసినది ఈ అంకెయే. అందుచేత తరగతిలో ఏ తెచ్చుకొని మే పరీక్ష వ్రాయని పిల్లకు బరువు దక్కును, ఏ.పి. క్రెడిట్ దక్కదు. తరగతి చదువక పరీక్ష మాత్రము వ్రాసి నెగ్గినవానికి క్రెడిట్ రావచ్చును, బరువు రాదు.

రెండవ మార్గము ఇంటర్నేషనల్ బాకలారియేట్, పొట్టిగా ఐ.బి. ఇది 1968 లో జెనీవా నగరమున స్థాపింపబడినది. రెండేండ్ల చదువు. ఆఱు విషయములు. ఒక్కొక్కదానికి 7 అంకెలు, ఇతర పనులకు 3, మొత్తము 45. ఇందలి ఉన్నతస్థాయి విషయములకు కళాశాలలు తఱచుగా క్రెడిట్ ఇచ్చును.

మూడవది డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్, అనగా ఏకకాలమున రెండుచోట్ల చేరుట. హైస్కూలు విద్యార్థియే సమీపమునందలి కమ్యూనిటీ కళాశాల పాఠమును చదువును. 1985 లో మిన్నెసోటా రాష్ట్రము ఇందుకు చట్టము చేసి దారి చూపెను. తరువాత ఇతర రాష్ట్రము లనేకము అనుసరించినవి. ఇందు మే మాసపు పరీక్ష లేదు. పాఠము నెగ్గినచో క్రెడిట్ వచ్చును. ఖర్చు స్వల్పము. కొన్ని రాష్ట్రములందు విద్యార్థికి జీతము లేకయే లభించును. అయితే ఒక జాగ్రత్త. ఏ.పి. పరీక్షలో 2 వచ్చినచో ఆ అంకెను కళాశాలకు పంపకయే ఊరకుండవచ్చును. డ్యూయల్ ఎన్‌రోల్‌మెంటులో వచ్చిన గ్రేడు కళాశాల రికార్డులో శాశ్వతముగా నిలిచిపోవును. పదునాఱేండ్ల ప్రాయమున తెచ్చుకొన్న సి, పిమ్మట వైద్యకళాశాలకు దరఖాస్తు పెట్టునాడు సైతము చూపవలసియుండును. మనవారిలో మనుమని డాక్టరుగా చూడగోరువారు ఎక్కువ గావున దీనిని చెప్పితిని.

క్రెడిట్ ఈయవలెనా, ఈయరాదా యనునది ఏ కళాశాలకు ఆ కళాశాలయే నిర్ణయించుకొనును. టెక్సాస్ ప్రభుత్వము 2015 లో నొక చట్టము చేసినది. దానినిబట్టి ఆ రాష్ట్రపు ప్రభుత్వకళాశాలలు ఏ.పి.లో 3 వచ్చినవానికి సాధారణముగా క్రెడిట్ ఈయవలెను. ఎక్కువ కావలెనన్న కళాశాల అందుకు ఆధారము చూపవలెను. ఇందుకు విరుద్ధముగా, ప్రఖ్యాతమైన డార్ట్‌మత్ కళాశాల 2014 లో చేరినవారు మొదలుగా ఏ.పి. ఫలితములకు పట్టమునకు చెల్లు క్రెడిట్ ఇచ్చుట మానివేసెను. పై తరగతిలో నేరుగా కూర్చుండనిచ్చును గాని, 120 వంటి మొత్తములో తగ్గింపు నీయదు. మఱికొన్ని కళాశాలలు 4 గాని 5 గాని వచ్చినవానికే యిచ్చును. కమ్యూనిటీ కళాశాల క్రెడిట్లను స్వరాష్ట్రపు ప్రభుత్వవిశ్వవిద్యాలయములు సులభముగా అంగీకరించినను, పొరుగురాష్ట్రపువి, ప్రైవేటువి త్రోసిపుచ్చవచ్చును. కొన్ని వైద్యకళాశాలలు అవసరమైన శాస్త్రవిషయములకు ఏ.పి. క్రెడిట్‌ను ఒప్పుకొనవు.

అన్నియు అనుకూలించినచో లాభము నిజముగా గొప్పది. ఐదు విషయములలో 3 చొప్పున 15 క్రెడిట్లు చెల్లినచో ఒక సెమిస్టరు మిగులును. అచటి చదువు ఏటికి వేలకొలది డాలర్ల ఖర్చు. ఆఱు మాసములు తగ్గుట సామాన్యమైన ఊఱట కాదు. అయినను 15 క్రెడిట్లు వచ్చినంతమాత్రమున పట్టము ఆఱు మాసములు ముందు వచ్చి తీరునని అనుకొనరాదు. ఆ క్రెడిట్లు ఆ పట్టమునకు అవసరమైన విషయములలో నుండవలెను. ఇంజనీరింగు చదువువానికి మిగులు చరిత్ర క్రెడిట్లు ఉపయోగపడకపోవచ్చును.

ఇక మా యింటి సంగతి చెప్పెదను. గ్రేడుల పత్రము చూపిన వారము దినములకు మా మనుమరాలు, "తాతయ్యా! వచ్చే యేడు వయొలిన్ మానివేయుదును" అనెను. ఆమె తొమ్మిదేండ్ల ప్రాయము మొదలు వయొలిన్ వాయించుచున్నది. పాఠశాల వాద్యబృందములో నామెకు ఏ తప్ప మఱియొకటి వచ్చి యెఱుగదు. "ఎందు కమ్మా?" అంటిని. కాగితము తీసి లెక్క వేసి చూపెను. వయొలిన్‌కు బరువు లేదు. ఏ వచ్చినను 4. దానిని తీసివేసినచో మిగిలిన ఐదు విషయములకు 15, 8 కలిపి 23. ఐదుచేత భాగించిన 4.6. ఉంచినచో 4.5. శ్రోతలారా, ఈ వింతను గమనింపుడు. సంపూర్ణమైన గ్రేడు తెచ్చుకొన్న విషయమే పిల్ల సగటును క్రిందికి లాగుచున్నది! కష్టమైన చదువునకు ప్రోత్సాహ మీయవలెనని పుట్టిన బరువు, ఇష్టమైన చదువునకు శిక్షగా పరిణమించినది.

ఆమె చింతకు కారణము లేకపోలేదు. టెక్సాస్ రాష్ట్రమున 1997 నాటి చట్టమునుబట్టి, హైస్కూలు తరగతిలో మొదటి పదవవంతులో నిలిచినవారికి రాష్ట్రపు ప్రభుత్వవిశ్వవిద్యాలయములలో ప్రవేశము సిద్ధము. ఆస్టిన్ నగరపు విశ్వవిద్యాలయమునకు ఆ హద్దు ఇంకను బిగువు. తరగతిలోని వరుసను అనేక పాఠశాలలు బరువు కట్టిన సగటుతోనే నిర్ణయించును. ఒక పదవవంతు అంకెతో పలువురు ముందువెనుక లగుదురు. అందుచేత పిల్లలు అర్ధరాత్రి దాటువఱకు మేల్కొని, తెల్లవాఱకమునుపే లేచుట నేను కన్నులార చూచితిని.

అప్పుడు నాకు మన ఊరి సంగతియే జ్ఞప్తికి వచ్చినది. నా శిష్యులలో తెలుగున చక్కగా వ్రాయగలవారు ఎందఱో ఇంటర్మీడియట్‌లో చేరగనే తెలుగు విడిచి, మార్కులు సులభముగా వచ్చునని సంస్కృతము తీసికొనిరి. గీర్వాణమునందు నాకు భక్తియే. కాని వారు దానిని భక్తితో తీసికొనలేదు. రెండేండ్ల పిమ్మట వారికి తెలుగును మిగులలేదు, సంస్కృతమును రాలేదు. మార్కులు మాత్రము వచ్చినవి. ఆనాడు నేను తరగతిలో ఆ పిల్లలను కోపించితిని గాని, ఆ లెక్క వారిచేత చేయించిన పెద్దలతో నొక్కమాటయైనను అనలేదు. ఆ తప్పు తిరిగి చేయరాదని నిశ్చయించుకొని, ఆ రాత్రి కుమారుని, కోడలిని పిలిచి కూర్చుండబెట్టితిని.

నేను తీర్పు చెప్పలేదు. అచటి పద్ధతులు నాకంటె వారికే తెలియును. కొన్ని ప్రశ్నలు మాత్రము అడిగితిని. అమ్మాయి చేరగోరు కళాశాలలు పాఠశాల కట్టిన బరువునే చూచునా, తమ లెక్క తాము వేసికొనునా? ఆమె తీసికొన్న ఏ.పి.లకు అవి ఏ అంకె వచ్చినచో క్రెడిట్ ఇచ్చును? ఆ క్రెడిట్ ఆమె చదువదలచిన పట్టమునకు పనికివచ్చునా? ఇవి మూడు. నాల్గవది, ఆమె రాత్రి ఎన్ని గంటలు నిద్రించుచున్నది? మొదటి మూడింటికి మఱునాడు పాఠశాలలోని సలహాదారిణిని, ఆ కళాశాలల నియమములను సంప్రదించి జవాబులు తెచ్చిరి. ఆమె కోరిన నాలుగు కళాశాలలలో రెండు తమ లెక్క తాము వేసికొనునవి. నాల్గవ ప్రశ్నకు మా కోడలు జవాబు చెప్పలేక తలవంచుకొనెను.

ఆమె వయొలిన్ మానలేదు. మఱుసటి యేడు తీసికొనదలచిన ఐదు ఏ.పి.లలో తనకు ప్రీతి లేనిదానిని ఒకదానిని విడిచెను. తరగతి వరుసలో కొన్ని స్థానములు దిగినమాట నిజము. మొదట కోరిన కళాశాల దక్కలేదు. రెండవది దక్కినది. అచట ఆమె ఏ.పి. క్రెడిట్లలో కొన్ని చెల్లినవి, కొన్ని చెల్లలేదు. పోయినదానికి ఆ పిల్ల కొన్నాళ్లు బాధపడెను. దానిని దాచి, అంతయు శుభమే జరిగినదని మీకు చెప్పుట న్యాయము కాదు. కాని నేటికిని ఆదివారమునాడు ఫోనులో నాకు వయొలిన్ వినిపించును.

మన దేశమునందును ఈ పద్ధతి అడుగుపెట్టుచున్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానము ననుసరించి 2021 లో విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము క్రెడిట్ల బ్యాంకునకు నియమములు చేసెను. రేపు మన ఊరి పిల్లలును క్రెడిట్ల లెక్కలు వేసికొందురు. కావున ఇది పరదేశపు మాట యని త్రోసిపుచ్చతగదు.

పెద్దలారా! ఇకమీద అమెరికానుండి ఫోను వచ్చినపుడు "ఎన్ని ఏ.పి.లు తీసికొన్నావు? పక్కింటివారి పిల్లవానికి ఏడట!" అని అడుగకుడు. తాత నోట వచ్చిన ఆ మాట పిల్ల నెత్తిమీద మఱియొక బరువగును. "వానిలో నీకు నచ్చినదేది? అందు ఏమి నేర్చుకొన్నావు? నాకును కొంచెము చెప్పుము" అని యడుగుడు. బరువు పాఠశాలవారు కట్టుదురు, క్రెడిట్ కళాశాలవా రిత్తురు. పిల్ల తాను నేర్చినదానిని ఇష్టముతో ఒకరికి చెప్పుకొన, చెవియొగ్గి వినుట మనవంటి వృద్ధులు చేయగల పని. దానికి ఇంగ్లీషు రాకపోయినను ఫరవాలేదు.